రౌటర్ మార్చాక రిమోట్ డెస్క్‌టాప్ కనెక్ట్ అవ్వట్లేదు, పింగ్ కూడా రావట్లేదు: విండోస్ మళ్లీ వేయాలా?

వేయకండి. నేనూ ఒకసారి వేయబోయి ఆఖరి నిమిషంలో ఆగాను.

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్త రౌటర్ పెట్టారు, అప్పటినుంచి కౌంటర్ కంప్యూటర్ నుంచి లోపలి గదిలో ఉన్న టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) కంప్యూటర్‌కి రిమోట్ వెళ్లట్లేదు, అంటే ఇక్కడ కూర్చుని దాన్ని తెరిచి వాడలేకపోతున్నారు, పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని దాన్ని పలకరిస్తే, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటోంది, కానీ ఆ లోపలి దాంట్లో ఇంటర్నెట్ మాత్రం శుభ్రంగా వస్తోంది.

నేను తెనాలిలో చిన్న సర్వీసింగ్ షాపు నడుపుతాను. మా దగ్గర ఒక ఎరువుల కొట్టులో అచ్చం ఇదే జరిగింది. జులై, నాట్ల టైమ్, కౌంటర్ ముందు రైతులు నిలబడి ఉన్నారు, ఓనరు గారు చేత్తో బిల్లులు రాస్తూ "తమ్ముడూ, ఇంకా ఎంతసేపు?" అని ఐదు నిమిషాలకోసారి అడుగుతున్నారు. పింగ్ రావట్లేదు కదా, కేబులే పోయిందనుకున్నా. యూరియా బస్తా మీద కూర్చుని కనెక్టర్ రెండుసార్లు కోసి మళ్లీ కొట్టా, స్విచ్‌లో పోర్ట్ మార్చా, అయినా అంతే. అసలు కేబులే పోతే ఇంటర్నెట్ ఎలా వస్తుంది అన్న చిన్న ఆలోచన ఆ టెన్షన్‌లో నాకు రాలేదు! ఫార్మాట్ చేద్దామని పెన్‌డ్రైవ్ తీశాక, ఎందుకో ఆగి కౌంటర్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆర్ప్, స్పేస్, హైఫన్ ఏ అని కొట్టా. జాబితాలో లోపలి కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) ఉంది, పక్కన దాని మ్యాక్ నంబర్, అంటే నెట్‌వర్క్ కార్డుకి పుట్టుకతో వచ్చే నంబర్, కూడా ఉంది. లోపలికెళ్లి ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఆల్ అని కొడితే కనిపించే ఫిజికల్ అడ్రస్‌తో ఒక్కో అక్షరం పోల్చుకున్నా. అదే.

అంటే మిషన్ బతికే ఉంది, వైరు బాగానే ఉంది, పింగ్‌ని దాని ఫైర్‌వాల్, అంటే బయటినుంచి వచ్చేవాటిని ఆపే కాపలా, మింగేస్తోంది. ఏ ఐపీ ఏ మ్యాక్ నంబర్‌దో కనుక్కునే ఆర్ప్ అనేది ఐపీ కంటే కింది స్థాయిలో నడుస్తుంది, ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపినా దీనికి జవాబు వచ్చేస్తుంది. అందుకే ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల విషయంలో పింగ్ రాకపోవడాన్ని నేను ఇప్పుడు సాక్ష్యంగా తీసుకోను.

మీరు చేయాల్సింది కూడా ఇదే, కాకపోతే ముందు లోపలి కంప్యూటర్ దగ్గరికెళ్లి ఐపీకాన్ఫిగ్ కొట్టి ఇప్పుడు దాని ఐపీ ఎంతో చూడండి. కొత్త రౌటర్ వచ్చాక 192.168.1 తో మొదలయ్యేది 192.168.0 అయిపోయి ఉండొచ్చు, మీరు ఇంకా పాత షార్ట్‌కట్ మీదే నొక్కుతూ, పాత నంబర్‌కే పింగ్ కొడుతూ ఉండొచ్చు. అలాగే ఇంటర్నెట్ వాళ్లిచ్చిన డబ్బా ఒకటి, మీ సొంత రౌటర్ ఒకటి, రెండూ నడుస్తున్నాయేమో చూడండి. కౌంటరు ఒకదాని వైఫైలో, లోపలిది ఇంకోదాని కేబుల్‌లో ఉంటే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే.

ఐపీ సరిగ్గానే ఉంటే, కౌంటర్ నుంచి పింగ్ కొట్టి వెంటనే అక్కడే ఆర్ప్ చూడండి. మ్యాక్ నంబర్ కనిపిస్తే ఫైర్‌వాల్ సంగతి. అలా కాకుండా మీ సొంత ఐపీ నుంచే డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని వస్తే ఆ కంప్యూటర్ ఆఫ్‌లోనో స్లీప్‌లోనో ఉంది, లేదా ఆ నంబర్ ఇప్పుడు దానిది కాదు.

ఎరువుల కొట్టులో అసలు కథ ఏంటంటే, రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుంటుంది, అనుకుని పబ్లిక్ అని ముద్ర వేసేసుకుంటుంది. బస్టాండ్‌లో ఫ్రీ వైఫైకి తగులుకున్నట్టు తలుపులన్నీ బిడాయించుకుని కూర్చుంది పాపం. లోపలి కంప్యూటర్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అక్కడ ఈథర్‌నెట్, అందులో ప్రైవేట్ ఎంచుకున్నా, అంతే, కౌంటర్‌లో పాస్‌వర్డ్ అడిగే బాక్స్ వచ్చేసింది. రెండు గంటల పనికి రెండు క్లిక్కులు. అలా చేసినా రాకపోతే ఫైర్‌వాల్‌లో అనుమతించిన యాప్‌ల జాబితా తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ ఎదురుగా ప్రైవేట్ కింద టిక్కు ఉందో లేదో చూడండి. యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంటే అందులోనూ చూడాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని ఎవరో ఒకరు చెప్తారు, వినకండి, ఆపినవాళ్లెవరూ మళ్లీ ఆన్ చేయడం నేను చూడలేదు.

తర్వాత తలుపు తెరుచుకుందో లేదో తేల్చుకోడానికి కౌంటర్ కంప్యూటర్ పవర్‌షెల్‌లో (కమాండ్ ప్రాంప్ట్ లాంటిదే) టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి లోపలి దాని ఐపీ, మళ్లీ స్పేస్, హైఫన్ పోర్ట్, స్పేస్, 3389. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వినే పోర్ట్, అంటే దాని తలుపు నంబర్, అదే. కింద టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ దగ్గర ట్రూ వస్తే దారి క్లియర్, ఇక నెట్‌వర్క్ జోలికి పోకండి, మిగిలిన గొడవంతా లాగిన్‌దే. ఫాల్స్ వస్తే పాస్‌వర్డ్‌లు మార్చి లాభం లేదు.

లాగిన్ దగ్గర నాకు ఎక్కువసార్లు తగిలింది పిన్. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి తెరిచేవాళ్లు రిమోట్‌లోనూ అదే కొడతారు. అక్కడ పిన్ పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి, అదేమో ఎవరికీ గుర్తుండదు. పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్‌నైతే విండోస్ రిమోట్‌లో రానివ్వదు, ఏదో ఒకటి పెట్టాల్సిందే. 2018 మే నుంచి ఒక పక్క కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ అయి ఇంకో పక్క కాకపోతే ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ అంటూ భయపెట్టే మెసేజ్ వస్తుంది, రెండో దాన్నీ అప్‌డేట్ చేస్తే పోతుంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌ల గూడు) మార్చి పాత పద్ధతికి తేవడం చెడ్డ అలవాటు.

ఇంకొకటి, ఈమధ్య లోపలి కంప్యూటర్ కూడా మార్చి ఉంటే విండోస్ హోమ్ ఎడిషనేమో చూసుకోండి. హోమ్ నుంచి వేరేదానికి వెళ్లొచ్చు గానీ, హోమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేరు. ప్రో ఉండాలి.

అంతా పనిచేశాక కొత్త రౌటర్‌లో ఆ మ్యాక్ నంబర్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేసేయండి, స్లీప్ కూడా ఆపేయండి, లేదంటే వచ్చే నెల మళ్లీ ఇదే రామాయణం. ఇంటినుంచి కూడా తెరవాలని 3389ని రౌటర్‌లో బయటికి మాత్రం ఫార్వర్డ్ చేయకండి. 2019లో బ్లూకీప్ అని ఒక లోపం బయటపడింది, అలా బయటికి తెరిచిపెట్టిన పాత విండోస్ మిషన్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరిపోయే వీలున్న లోపం అది. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్, అంటే మీ కంప్యూటర్ల మధ్య ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేట్ దారి, పెట్టుకుంటే సరిపోతుంది. రౌటర్ వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు దాని నంబర్) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంటే ఎలాగూ ఫార్వర్డింగ్ పనిచేయదు, ఆ అడ్రసు మీ ఒక్కరిదీ కాదు, ఇంటర్నెట్ కంపెనీ చాలామందికి కలిపి వాడుతున్నట్టు.

ఆర్ప్‌లో ఏం వచ్చిందో, 3389కి ట్రూనా ఫాల్సా, ఈ రెండూ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.