పది వేళ్లతో ఎంత దాకా లెక్కపెట్టొచ్చు?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. కూడికలకి వేళ్లు మడుస్తున్నాడని స్కూల్లో కోప్పడుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు పూర్ణా మార్కెట్‌లో ఉన్నా, పూజలో కూర్చున్నా వేలి గణుపుల మీదే లెక్కపెడతారు, ఒక్క చేత్తో పన్నెండు దాకా! వాడిని మాన్పించాలా? అసలు పది వేళ్లతో ఎంత వరకు లెక్కపెట్టొచ్చు?
— ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మాన్పించకండి. నోటిలెక్క అలవాటయ్యే కొద్దీ వేళ్లు మడవడం దానంతటదే తగ్గుతుంది. కోప్పడితే మాత్రం బెంచీ కింద చాటుగా మడవడం మొదలుపెడతాడు, ఆ తర్వాత లెక్కలంటేనే భయం పట్టుకుంటుంది. టీచర్‌గారితో ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి.

మీ అత్తగారిది చాలా మంచి పద్ధతి. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల మీద మూడేసి గణుపులు తాకుతూ పోతే పన్నెండు, ఒక్కో పన్నెండు పూర్తయినప్పుడల్లా రెండో చేతిలో ఒక వేలు మడిస్తే 60 దాకా వెళ్లొచ్చు, అక్కడా గణుపులే వాడితే 144. కాలిఫోర్నియాలో యుకీ తెగవాళ్లయితే వేళ్లని వదిలేసి వాటి మధ్య సందుల్ని లెక్కపెట్టేవారు. రెండు చేతులకీ కలిపి ఎనిమిది సందులు కదా, వాళ్ల లెక్కంతా ఎనిమిదితోనే నడిచింది.

మీ బాబుకి నేర్పమని నేను గట్టిగా చెప్పేది ఆరు లెక్క. కుడి చేతిలో ఒకట్లు, ఎడమ చేతిలో ఆరులు. కుడి చేతిలో అయిదు వేళ్లూ తెరిచాక, ఆరు రాగానే ఆ పిడికిలి మూసేసి ఎడమ చేతిలో ఒక వేలు తెరవాలి. ఎడమ చేతిలో మూడు, కుడి చేతిలో నాలుగు తెరిచి ఉంటే 3 × 6 + 4, అంటే 22. ఇలా 35 దాకా పోవచ్చు. ఆదివారం ఆర్కే బీచ్‌లో కూర్చోబెట్టి అలల్ని ఇలా లెక్కపెట్టించి చూడండి. ఒకే ఒక్క వేలు కుడి చేతిలో ఉంటే 1, ఎడమ చేతిలో ఉంటే 6 అని ఎవరూ చెప్పకుండానే వాడికి తెలిసిపోతుంది. ఒకట్ల స్థానం, పదుల స్థానం అని బోర్డు మీద చెప్పేది సరిగ్గా ఇదే, పిల్లలు ఎక్కువగా తడబడేదీ అక్కడే.

కొరియాలో పుట్టిన చిసాన్‌బాప్‌లో కుడి బొటనవేలికి 5, ఎడమ బొటనవేలికి 50, మిగతా కుడి వేళ్లకి ఒకటేసి, ఎడమ వేళ్లకి పదేసి ఇచ్చి 99 వరకు వెళ్తారు.

వేళ్లు మడవడం, తెరవడంతోనే ఇంకా పైకి పోవాలంటే బైనరీ, అంటే కంప్యూటర్ లెక్క. కుడి బొటనవేలి నుంచి వరసగా 1, 2, 4, 8, 16, ఎడమ బొటనవేలి నుంచి 32, 64, 128, 256, 512 అనుకుని తెరిచిన వేళ్ల విలువలు కూడాలి. కుడి చిటికెనవేలు, చూపుడువేలు, బొటనవేలు తెరిస్తే 16 + 2 + 1 = 19. పదీ తెరిస్తే 1023! ఇబ్బందల్లా ఉంగరపు వేలితోనే, అది ఒంటరిగా లేవదు. చేతులు బల్ల మీద పెట్టి, లెక్కలోకి వచ్చే వేలి కొనని మాత్రం ఆనిస్తే కాస్త సులువు. ఇది బాబు అయిదో తరగతికి వచ్చాక చూపించండి, ఇప్పటికి ఆరు లెక్క చాలు.