నెమ్మదిగా నడిచేవారే ముందుండాలి

ప్రశ్న: నాకు ముప్ఫై ఏడేళ్లు, మావారికి నలభై. కిందటి జూలైలో పిల్లలను అమ్మ దగ్గర ఉంచి, కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు ఇద్దరమే వెళ్లాం. మేముండేది సముద్రానికి దగ్గరగా, పల్లపు ప్రాంతంలో. అక్కడికి చేరిన మూడో రోజునే లాంగ్స్ పీక్ ఎక్కడానికి బయలుదేరాం. దారిలో బౌల్డర్ ఫీల్డ్ అనే పెద్ద రాళ్ల మైదానం చేరేసరికి నాకు భరించలేని తలనొప్పి, వికారం. ‘నువ్విక్కడ కూర్చో, నేను వెళ్లి వచ్చేస్తాను’ అని ఆయన వెళ్లిపోయారు. నాలుగున్నర గంటలు ఆ రాళ్ల మధ్య ఒక్కదాన్నే కూర్చున్నాను. మధ్యలో వడగళ్లు పడ్డాయి. నా రెయిన్‌కోటు ఆయన సంచిలో ఉండిపోయింది. ఆయన శిఖరం చూసి సంతోషంగా తిరిగి వచ్చారు. ఆ రోజు గురించి ఇంతవరకు ఇంట్లో ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇప్పుడు ‘ఈ జూలైలో మళ్లీ వెళ్దాం, ఈసారి నిన్ను పైదాకా తీసుకెళ్తాను’ అంటున్నారు. నాకూ వెళ్లాలని ఉంది. కానీ నేను ఆయనకు భారమేమో అన్న దిగులు పోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ రెయిన్‌కోటు దగ్గర ఆగిపోయాను. బౌల్డర్ ఫీల్డ్ పన్నెండు వేల అడుగులకు పైన ఉంటుంది. తలదాచుకోవడానికి అక్కడ ఒక్క చెట్టు కూడా ఉండదు. అప్పటికే ఎత్తు పడక తలనొప్పితో, వికారంతో ఉన్న మనిషి వడగళ్లలో తడిసి గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఒంట్లో వేడి ఎంత త్వరగా పడిపోతుందో మీవారికి తెలిసి ఉండదు. తెలిసి ఉంటే వెళ్లేవారు కాదనే నమ్ముతున్నాను. అయినా అది తప్పే. ఆ మాట ఆయనతో అనండి. బయలుదేరే ముందే, ఇంట్లో కూర్చుని, నెమ్మదిగా అనండి. లోపల దాచుకున్న కోపంతో కొండ ఎక్కేవారు ‘నాకు బాగాలేదు’ అని నోరు విప్పి చెప్పరు. ఆ మాట చెప్పకపోవడమే అక్కడ అన్నిటికన్నా ప్రమాదం.

నా అనుభవం చెబుతాను. ఇరవై రెండేళ్ల కిందట నేనూ మావారూ అదే పార్కులో ఫ్లాట్‌టాప్ అనే కొండ ఎక్కుతున్నాం. ఆ సెలవు కోసం ఆయన రెండేళ్లు ఎదురుచూశారు. చెట్లన్నీ కిందనే ఆగిపోయి గడ్డీ రాళ్లూ మిగిలిన చోట నాకు తలనొప్పి మొదలైంది. ‘బాగానే ఉన్నావా?’ అని ఆయన మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ ‘ఆఁ’ అన్నాను. ఆయన సరదా పాడుచేయడం ఇష్టం లేకపోయింది. కాసేపటికి బూటు తాడు ఊడితే వంగి కట్టుకోబోయాను. వేళ్లు మాట వినలేదు, ముడి పడలేదు. ఆయన నా చేతులవైపు చూశారు, ఇక అరగంటలో అందేలా కనిపిస్తున్న శిఖరంవైపు ఒకసారి చూశారు. ఏమీ అనకుండా నా సంచి తన భుజానికి తగిలించుకుని కిందికి నడిపించారు. బేర్ లేక్ ఒడ్డుకు చేరేసరికి నా తల తేలికపడింది. ఆ సాయంత్రం ఒక కాగితం మీద మూడు నియమాలు రాసుకున్నాం. నెమ్మదిగా నడిచేవారు ముందు నడవాలి. ఎన్ని గంటలకు వెనుదిరగాలో, ఆ తిరుగు గంట ముందురోజు రాత్రే నిర్ణయించుకోవాలి. ఎవరి సంచి వారిదే. ఆ కాగితం ఇప్పటికీ ఆయన సంచి లోపలి జేబులో ఉంది.

మొదటిది వినడానికి వింతగా ఉంటుంది. వేగంగా నడిచే మనిషి ముందుంటే ప్రతి మలుపు దగ్గరా ఆగి మీ కోసం చూస్తారు. మీరు రొప్పుతూ చేరగానే, అప్పటికే విశ్రాంతి తీసుకున్నారు కాబట్టి, మళ్లీ కదులుతారు. మీకు మాత్రం విశ్రాంతి ఉండదు. అలా రెండు గంటలు సాగితే ఎంతటివారైనా అలసిపోతారు. మీరు ముందుంటే మీ ఊపిరే ఇద్దరికీ వేగం అవుతుంది. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. తిరుగు గంట సంగతి ఇంకా ముఖ్యం. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు మనసు ఏదో ఒక సాకు వెతుకుతుంది. ముందురోజు రాత్రి గదిలో తీసుకున్న నిర్ణయానికి ఆ బలహీనత ఉండదు. ఇక సంచిలో నీళ్లు, రెయిన్‌కోటు, వెచ్చని పై దుస్తు, తలకు కట్టుకునే లైటు, తినడానికి కొంత ఆహారం ఎవరివి వారి దగ్గరే ఉండాలి. మా విషయంలో ఆయన నా సంచి మోసినది కిందికి దిగేటప్పుడే, అదీ నా పక్కనే నడుస్తూ.

‘భారమేమో’ అన్నారు. 1873లో ఇసబెల్లా బర్డ్ అనే ఆంగ్ల యాత్రికురాలు ఇదే లాంగ్స్ పీక్ ఎక్కింది. వెంట ఉన్న యువకుల్లో ఒకడు ఆమెను ప్రమాదకరమైన భారంగా భావించి, ఎక్కడం మానుకుంటే బాగుండునని సూచించాడట. దారి చూపుతున్న జిమ్ నుజెంట్ అనే వేటగాడు మాత్రం, ఆమెను తీసుకెళ్లడానికి కాకపోతే తాను అసలు ఎక్కనే ఎక్కనన్నాడు. తాడు కట్టి లాగాల్సిన చోట లాగి ఆమెను పైకి చేర్చాడు. ఈ సంగతి ఆమే రాసుకుంది. మీవారు ఈసారి ఎవరి పక్షాన నిలబడతారో బయలుదేరేలోగా తేల్చుకోండి.

ఇక ఆ కొండ సంగతి. శిఖరం ఎత్తు 14,259 అడుగులు. బాట మొదలయ్యే చోటు దాదాపు 9,400 అడుగులు. కీహోల్ దారిలో పోయిరావడానికి దాదాపు 15 మైళ్లు, పది నుంచి పదిహేను గంటలు పడుతుంది. మీరు కూర్చున్న బౌల్డర్ ఫీల్డ్ దాటి, 13,150 అడుగుల దగ్గర కొండ గట్టులో తాళంచెవి రంధ్రంలా ఉండే సందే కీహోల్. అక్కడ గూడులాంటి రాతి గది ఒకటుంది. 1925 జనవరిలో ఈ కొండ తూర్పు ముఖాన్ని ఎక్కి, దిగుతూ చలికి ప్రాణం కోల్పోయిన ఆగ్నెస్ వేయిల్ జ్ఞాపకార్థం కట్టినది. ఆ సందు దాటాక మిగిలేది ఒకటిన్నర మైలు లోపే. కానీ నడక అక్కడితో ముగిసి పాకడం మొదలవుతుంది. మొదట లెడ్జెస్ అనే రాతి అరుగులు, తర్వాత ట్రఫ్ అనే నిటారైన రాళ్ల గాడి, నారోస్ అనే ఇరుకు గట్టు, చివరికి హోమ్‌స్ట్రెచ్ అనే నున్నని బండలు. రాళ్ల మీద ఎరుపు, పసుపు రంగుల్లో గుండ్రని గుర్తులు వేసి ఉంటాయి. తడిసినా, మంచు పట్టినా ఆ దారి సాధారణ యాత్రికులకు పనికిరాదు.

అందుకే ఈసారి కీహోల్‌నే మీ గమ్యంగా పెట్టుకోమంటాను. దాని అవతలికి వెళ్లాలా వద్దా అన్నది ఆ రాతి గది పక్కన నిలబడి, ఆకాశం చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని తేల్చుకోండి. ఇద్దరూ వెళ్లండి, లేదా ఇద్దరూ దిగండి.

మూడో రోజునే బయలుదేరడం కిందటిసారి జరిగిన రెండో తప్పు. పల్లం నుంచి వచ్చిన ఒంటికి సమయం ఇవ్వాలి. పార్కు పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊరే 7,522 అడుగుల ఎత్తున ఉంది. మొదటిరోజు ఊరికే ఉండండి. రెండోరోజు బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల దాకా నడవండి. మూడోరోజు డీర్ మౌంటెన్, 10,013 అడుగులు, ఒకవైపు మూడు మైళ్లు. మర్నాడు విశ్రాంతి. ఆ తర్వాత ఫ్లాట్‌టాప్: ఒకవైపు 4.4 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు 2,849 అడుగులు, శిఖరం 12,324 అడుగులు. అక్కడ తలనొప్పి లేకుండా, ఆకలి వేసి తినగలిగితే ఇంకో రోజు ఆగి లాంగ్స్ పీక్ వైపు చూడండి. ఎత్తైన చోట్లు ఒంటికి పడకపోతే వేసుకునే మాత్రలున్నాయి. మీకు ఒకసారి ఇబ్బంది వచ్చింది కాబట్టి ముందే డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి తప్పక చెప్పండి. తలనొప్పి పెరుగుతున్నా, అడుగు తడబడినా, మాట తికమకపడినా మాత్రలు మింగి పైకి వెళ్లడం కాదు, వెంటనే కిందికి దిగాలి.

జూలైలో మధ్యాహ్నం పిడుగులు మామూలు. రాత్రి మూడింటికో, అంతకన్నా ముందో బయలుదేరి, మధ్యాహ్నం పన్నెండుకు ముందే ఎత్తైన గట్లను వదిలేయాలి. ఉరుము వినిపిస్తే శిఖరం ఎంత దగ్గరున్నా వెనుదిరగాలి. దిగే వీలులేక పిడుగుల్లో చిక్కుకుంటే మాత్రం ఒకరినొకరు పట్టుకుని కూర్చోకూడదు. కేక వినిపించేంత దూరంలో విడిగా ఉండాలి. ఒకరికి దెబ్బ తగిలినా రెండోవారు ఆదుకోవడానికి మిగలాలి. మీ ఇద్దరూ విడిగా ఉండవలసిన సందర్భం ఆ కొండ మీద అదొక్కటే.

ఇప్పటి నుంచే వారానికొక పొడవైన నడక పెట్టుకోండి, సంచి వేసుకుని మెట్లు ఎక్కండి, దిగండి. దిగడాన్ని తేలికగా తీసుకోవద్దు. మోకాళ్లు మొరాయించేది అప్పుడే.

ప్రశ్న: నా భార్యకు ఎత్తు అంటే భయం, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. కొండ ఎక్కలేనివారికి రాకీ మౌంటెన్ పార్కులో చూడదగినవి ఉంటాయా?
– ఒక భర్త

జవాబు: చాలా ఉన్నాయండీ. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 48 మైళ్లు, కారులో కూర్చునే 12,183 అడుగుల దాకా వెళ్లవచ్చు. మంచు వల్ల సాధారణంగా మే చివర తెరిచి అక్టోబరు మధ్యలో మూసేస్తారు. కొన్నిచోట్ల రోడ్డు అంచున లోయ కనిపిస్తుంది కాబట్టి, ఆవిడను లోయ లేని వైపు కూర్చోబెట్టండి, నెమ్మదిగా నడపండి. ఇటీవలి సంవత్సరాల్లో రద్దీ నెలల్లో లోపలికి వెళ్లడానికి సమయం ముందే రిజర్వు చేసుకోవలసి వస్తోంది. బేర్ లేక్ రోడ్డుకు వేరే రకం అనుమతి ఉంటుంది, అది తీసుకోండి.

వీలైతే సెప్టెంబరులో వెళ్లండి. అది ఎల్క్ దుప్పుల జత కట్టే కాలం. వాటికి 75 అడుగులు, మూస్ అనే పెద్ద దుప్పికి, ఎలుగుబంటికి 120 అడుగులు దూరంగా ఉండాలన్నది పార్కు నియమం. సాయంత్రం నుంచి మైదానాల్లోకి నడిచి వెళ్లనివ్వరు. ఆ అవసరం కూడా రాదు. చీకటి పడేవేళ మొరెయిన్ పార్క్ మైదానం పక్కన కారు ఆపి, అద్దం దించి, ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోండి. సన్నని ఈలలా మొదలై పైకి సాగే మగ దుప్పి పిలుపు ముందు ఒక గట్టు నుంచి, దానికి జవాబుగా ఇంకో గట్టు నుంచి వినిపిస్తుంది.