మూడు చెరువుల తోవ: మేనల్లుడికి మామయ్య లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోనులో చెప్పిన ఊళ్ళ పేర్లన్నీ కాగితం మీద రాసుకొని రెండుసార్లు చూసుకున్నాను. శనివారం పొద్దున హైదరాబాదులో బయలుదేరి యాదగిరిగుట్ట, భువనగిరి కోట, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం, బొగత జలపాతం, మేడారం, పాకాల చూసుకొని ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలని నీ ఆలోచన. వాటిలో ఆరింటిని కొట్టివేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మిగిలేవి రామప్ప, లక్నవరం, పాకాల. రెండు రోజులకు, ఇద్దరు పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మతో కలిసి వచ్చేవారికి ఆ మూడే ఎక్కువ.

ఈ మూడింటినే ఎందుకు ఉంచమంటున్నానో కూడా చెబుతాను. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా ఈ చెరువు కట్టల మీద తిరిగినవాణ్ణి కాబట్టి నాకు వీటి మీద అభిమానం ఉన్న మాట నిజమే. అయినా అసలు కారణం దారి. హైదరాబాదు నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి రామప్పకు, అక్కడి నుంచి లక్నవరానికి వెళ్ళి, మరునాడు మల్లంపల్లి దగ్గర మలుపు తీసుకొని నర్సంపేట మీదుగా పాకాల చూసుకొని హనుమకొండకు వస్తే, చాలామటుకు వెళ్ళిన దారినే మళ్ళీ రాకుండా ఒక చుట్టు పూర్తవుతుంది. మూడూ కాకతీయుల కాలపు చెరువులే, మూడూ గుట్టల నడుమ ఉన్నవే. బొగత అలా కాదు. అది ఏటూరునాగారం దాటి, గోదావరి మీద ముల్లకట్ట వంతెన దాటి, వాజేడు మండలంలో ఉంది. దానికి ఒక రోజు పూర్తిగా కేటాయించుకొని మరోసారి రండి. మేడారం సమ్మక్క సారలమ్మల గద్దెలకు కూడా అంతే, మొక్కు ఉన్నప్పుడు మొక్కు కోసమే వెళ్ళాలి.

మీరు అనుకున్న నవంబరు మొదటి వారం మంచి సమయం. చెరువుల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి, గుట్టల మీద పచ్చదనం ఇంకా మాయదు, ఎండ నెత్తిన కొట్టదు. జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం ముసురు పట్టిందంటే ఆ వైపు కారు తీయకు. 2023 జూలై నెలాఖరున, మీరు చూడబోయే రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున వాగు ఎప్పుడు వంతెన మీదికి వస్తుందో ఊరివాళ్ళు కూడా చెప్పలేరు. రోడ్డు మీద పారే నీళ్ళు మోకాలి లోతే కనిపించినా, వాటి కింద రోడ్డు ఉన్నదో కొట్టుకుపోయిందో కారులో కూర్చున్నవాడికి తెలియదు. అటువంటి చోట వెనక్కి తిరగడానికి సంకోచించవద్దు.

ఇక కారు సంగతి. బయలుదేరడానికి రెండు రోజుల ముందే నాలుగు టైర్లలోనూ, మరచిపోకుండా స్టెప్నీలోనూ గాలి చూపించు. జాకీ, వీల్ స్పానర్ బయటికి తీసి, ఇంటి ముందే ఒకసారి చక్రం విప్పి బిగించు. స్టెప్నీ ఉంది కదా అన్న ధైర్యంతో బయలుదేరి, అవసరం పడ్డ చోట నట్లు కదలక గంటలు గంటలు నిలబడ్డవాళ్ళను చాలామందిని చూశాను. డీజిల్ ములుగులో నింపుకో, ఆ తర్వాత అవసరం రాదు. అడవి దారిలో ఫోను సిగ్నల్ అక్కడక్కడ పోతుంది కనుక మ్యాపును ముందే ఫోనులో దింపి పెట్టుకో. లక్నవరంలో పర్యాటక శాఖ వారి గదులు శని, ఆదివారాల్లో దొరకడం కష్టం. గది ఖాయమయ్యాకే తేదీ ఖాయం చేసుకో. మీ అమ్మ వేలాడే వంతెన దాటి నడవాలి కాబట్టి, గది వంతెనకు ఎంత దూరమో బుక్ చేసేటప్పుడే అడుగు.

శనివారం ఐదున్నరకల్లా ఘట్‌కేసర్ దాటి ఉండాలి. ఆ వేళకు పిల్లలు నిద్రలోనే ఉంటారు, ఉండనీ. భువనగిరి గుట్ట ఒకే రాయి, తెల్లవారే వెలుగులో రోడ్డు మీది నుంచే ఎంతో బాగా కనిపిస్తుంది. చూసి సాగిపోండి, ఎక్కాలన్న ఆశ ఈసారికి వద్దు. జనగామకు ముందు పెంబర్తి వస్తుంది. అక్కడ ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలులతో బొమ్మలు దిద్దే పనివాళ్ళు తరతరాలుగా ఉన్నారు. మీరు వచ్చే వేళకు ఏ దుకాణమైనా తెరిచి ఉంటే పిల్లలను పావుగంట అక్కడ నిలబెట్టు. సాఫు రేకులోంచి ఏనుగు తొండం పైకి లేస్తుంటే చూసిన పిల్లలు రామప్పలో శిల్పాన్ని వేరే కళ్ళతో చూస్తారు. టిఫిన్ ఇంటి నుంచే తెచ్చుకోండి. కోడలు చేసే చింతపండు పులిహోర పాడవకుండా మధ్యాహ్నం దాకా నిలుస్తుంది.

హనుమకొండ ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీదుగా పోండి. వెళ్ళేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటికి రావాలి. ములుగు చేరబోయే ముందు గట్టమ్మ గుడి వస్తుంది. ఆ తోవన పోయే లారీవాళ్ళయినా బస్సువాళ్ళయినా అక్కడ ఒక్క క్షణం ఆగి దండం పెట్టుకోకుండా కదలరు. మీరూ ఆగండి. డ్రైవింగ్ చేసేవాడికి కాళ్ళు చాపుకోవడానికి కూడా అది సరైన చోటు. ములుగు దాటిన తర్వాత జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప ఉన్న పాలంపేట దారి.

గుడి సంగతి నువ్వు చదివే ఉంటావు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పునాది కింద ఇసుక నింపి కట్టారనీ, గర్భగుడి మీది గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలికైనవనీ గైడు చెబుతాడు, అవి వినదగిన మాటలే. అయితే మీరు పోగానే గుడిలోకి పరుగెత్తవద్దు. ముందు చుట్టూ ప్రదక్షిణగా నడిచి, చూరు కింద వాలుగా నిలబడిన నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీమూర్తుల బొమ్మలను, ఒక్కొక్కరినీ చూడండి. ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలు ఉంటాయి. ఆమెను ముందుగా ఎవరు కనిపెడతారో చూద్దామని పిల్లలకు పందెం పెట్టు. నందిని మాత్రం నిదానంగా చూడు. మెడలోని గంటల దండ, వీపు మీది పట్టీ, లేవబోతున్నట్టు ఎత్తిన తల చూస్తుంటే ఆ రాయి చెక్కినవాడు ఎద్దులతో కలిసి బతికినవాడని అర్థమవుతుంది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నృత్యానికి తిరిగి ప్రాణం పోసేటప్పుడు ఆ కాలపు జాయపసేనాని రాసిన నృత్య గ్రంథంతోపాటు ఈ గోడల మీది భంగిమలనే ఆధారం చేసుకున్నారు. మధ్యాహ్నమైతే రాతి నేల కాలుతుంది, అందరికీ మేజోళ్ళు పెట్టుకొని రా. కోతులుంటాయి, చేతుల్లో తినుబండారం కనపడనీయవద్దు.

గుడి చూసినవాళ్ళలో సగం మంది అక్కడికి దగ్గరే ఉన్న చెరువును చూడకుండా వెళ్ళిపోతారు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. గుడీ చెరువూ ఒకే ఆలోచనలోంచి పుట్టినవి. కాకతీయుల కాలంలో ఊరు వెలిసిందంటే గుడితోపాటు చెరువూ వెలిసేది. చెరువు కట్ట ఎక్కి మధ్య దాకా నడిచి, నీళ్ళ వైపు మొహం పెట్టి నిలబడి చూడు. ఇటు ఒక గుట్ట, అటు ఒక గుట్ట, రెండింటికీ నడుమ మనిషి పోసిన మట్టి ఈ కట్ట ఒక్కటే. ఎక్కడ తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళు ఆగుతాయో యంత్రాలు లేని ఆ కాలంలో కాలినడకన తిరిగి కనిపెట్టారు. తర్వాత వెనక్కి తిరిగి పొలాల వైపు చూడు. కట్ట కింది నుంచి తూము ద్వారా నీళ్ళు కాలువలోకి దిగుతాయి, కాలువ వెంట ఆయకట్టు, అంటే ఈ చెరువు నీళ్ళతో పండే మడులు, మెట్లు మెట్లుగా కిందికి పోతాయి. చెరువు నిండిపోయి మిగిలిన నీళ్ళు మత్తడి మీదుగా దుంకి కింది చెరువుకు పోతాయి. మన వైపు గొలుసుకట్టు చెరువులన్నీ ఇదే లెక్కన కట్టారు. ఈ నాలుగు మాటలు, కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు, పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పావంటే, ఆ తర్వాత దారిలో కనిపించే ప్రతి చెరువులోనూ వాటిని వాళ్ళే వెతుక్కుంటారు.

మత్తడి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నీళ్ళు దుంకుతున్నప్పుడు దాని మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. పలచగా పారే నీళ్ళ కింద రాతికి పాచి పట్టి ఉంటుంది, నీళ్ళు చీలమండ దాటకపోయినా కాలు జారుతుంది, జారినవాడు పడేది అవతలి వైపు బండల మీద. ఫోటో కోసం దిగుతానన్నవాళ్ళను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బతిమాలి వెనక్కి పంపాను. నిన్ను కూడా అలాగే బతిమాలుతున్నాను.

సాయంత్రం నాలుగింటికల్లా లక్నవరం చేరండి. బుస్సాపూర్ దాటాక రోడ్డు సన్నబడి అడవిలోకి దిగుతుంది. గుట్టల మధ్య సందులను చిన్న చిన్న కట్టలతో మూసి నిలిపిన చెరువు కాబట్టి అది ఒక్క చూపులో కనిపించదు. మలుపు మలుపుకూ కొత్తగా నీళ్ళు కనిపిస్తాయి, నడుమ చిన్న దీవులుంటాయి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ల పట్టీలు పిల్లలకు నువ్వే స్వయంగా బిగించు. వంతెన మీద పిల్లలు గెంతుతారు, అది ఊగుతుంది, మీ అమ్మ భయపడుతుంది. ఆమెను నువ్వు చెయ్యి పట్టుకొని జనం పలచబడ్డాక నెమ్మదిగా తీసుకెళ్ళు. చీకటి పడ్డాక ఫోనులో పాటలు పెట్టకండి, ఆ రాత్రికి కప్పలు, కీచురాళ్ళు చాలు. మరునాడు ఆరింటికి ముందే లేచి నీళ్ళ ఒడ్డుకు రండి, పొగమంచు నీళ్ళ మీది నుంచి లేస్తూ గుట్టలను ఒక్కొక్కటిగా బయట పెడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. ఈ దారిలో పొద్దు గుంకిన తర్వాత కారు నడపకూడదు. నవంబరు అంటే కోతల కాలం. కల్లాలు చాలక రైతులు రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్ళు పేరుస్తారు, రాత్రయితే కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతారు. పగలు అది బంగారంలా దూరం నుంచే కనిపిస్తుంది, రాత్రి నల్ల టార్పాలిన్ నల్ల రోడ్డులో కలిసిపోతుంది. ఇరవై ఏళ్ళ కిందట నేనే నర్సంపేట రోడ్డు మీద ఎనిమిది గంటలవేళ ఇంటికి చేరాలన్న తొందరలో వస్తూ, ఎదురుగా వచ్చిన లారీ లైట్లకు కళ్ళు చెదిరి ఎడమ చక్రాన్ని ఒక కుప్ప మీదికి ఎక్కించాను. కారు పక్కకు జారి రోడ్డు దిగి ఆగింది. కుప్పకు అవతలి వైపున గొంగడి కప్పుకొని పడుకున్న రైతు లేచి కూర్చున్నాడు. నా చక్రానికీ ఆయన కాళ్ళకూ మధ్య జానెడు దూరం ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముందు నాకు నీళ్ళిచ్చాడు, తర్వాత ఇద్దరం కలిసి చెల్లాచెదురైన వడ్లను చీపురుతో ఊడ్చి కుప్ప చేశాము. మట్టి కలిసిన గింజలను ఆయన చాటతో చెరుగుతుంటే నేను తలెత్తి చూడలేకపోయాను. ఆ రోజు నుంచి ఊళ్ళ దారిలో రాత్రి కారు నడపలేదు. పగలైనా వడ్లు పోసిన చోట వేగం తగ్గించి, ఎదుటి బండి దాటేదాకా ఆగి వెళ్ళు. గింజల మీద చక్రం పోనీయకు, అది ఒకరి ఆరు నెలల కష్టం. సాయంత్రం ఐదు దాటితే బర్రెలు, గొర్రెల మందలు ఇళ్ళకు మళ్ళుతాయి. హారన్ మోగిస్తే బెదిరి అడ్డం పడతాయి కనుక ఇంజను నెమ్మదిగా నడుపుతూ, కాపరి దారి ఇచ్చేదాకా ఓపిక పట్టు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి లక్నవరంలో బయలుదేరితే ములుగు, మల్లంపల్లి, నర్సంపేట మీదుగా పాకాలకు రెండు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. పాకాల కూడా గణపతిదేవుని కాలపు చెరువే. అక్కడ చూడడానికి వరుస పెట్టి చెప్పేవి ఏమీ లేవు, విశాలమైన నీళ్ళు, చుట్టూ అడవి, కట్ట మీద చెట్ల నీడ, అంతే. మీ అమ్మకు చాప పరిచి, వెనక్కి ఆనుకునేలా ఒక దిండు పెట్టండి. చిన్నప్పుడు మా నాన్న ఎడ్లబండి మీద మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఆమె ఏ చెట్టు కింద కూర్చున్నదో ఆమెనే అడుగు, చూపిస్తుంది. లోతు తెలియని నీళ్ళు కాబట్టి పిల్లలను ఒడ్డునే ఉంచు. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు మళ్ళీ డిక్కీలోనే తిరిగి రావాలి, ఆ నీళ్ళు కింద పొలాలకు పోయేవి.

పన్నెండింటికి అక్కడి నుంచి కదిలితే ఒంటిగంటన్నరకు మా గుమ్మంలో ఉంటారు. మీ అత్తయ్య చింతచిగురు పప్పు చేస్తానంటున్నది, ఈ కాలంలో చిగురు దొరకకపోతే గోంగూర అట. తిని, మీ అమ్మ కాసేపు నడుము వాల్చాక, మూడు గంటలకు మిమ్మల్ని నేనే పంపించివేస్తాను. ఇంకో గంట ఉంటామని పిల్లలు మారాం చేసినా ఒప్పుకోను. జనగామ మీరు వెలుగుండగానే దాటాలి.

మీ మామయ్య