బాకీ కంటే ముందు సీ బుక్కు సంగతి చూడండి

ప్రశ్న: మాది పలాస. నా ప్యాసింజర్ ఆటోను చిన్ననాటి స్నేహితుడికి 1,60,000 రూపాయలకు అమ్మాను. 40,000 అప్పుడే ఇచ్చాడు. మిగిలింది నెలకు 5,000 చొప్పున 24 వాయిదాల్లో ఇస్తానన్నాడు. స్నేహితుడు కదా అని కాగితం రాసుకోలేదు. ఏడు వాయిదాలు సరిగ్గా కట్టాడు. వాళ్ల అమ్మగారికి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి, ఐదు నెలలుగా రూపాయి రాలేదు. ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. డబ్బు మొత్తం ముట్టాకే మార్చుదామని సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, నా పేరునే ఉంచాను. అమ్మాయి కాలేజీ ఫీజు 30,000 కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయాలనుకుంటున్నాను. మారు తాళంచెవితో బండి తెచ్చేయమని బావమరిది అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రావలసిన 85,000 రూపాయలు కాదు, సీ బుక్కు గురించి మీరు రాసిన ఒక్క వాక్యం. అది మీ దగ్గరుంటే అతను మీ గుప్పిట్లో ఉన్నట్లని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఇరుక్కున్నది మీరే. బండి చేతులు మారినా, రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. జీడిపప్పు పరిశ్రమల్లో పనికి వెళ్లే ఆడవాళ్లను ఎక్కించుకుని ఆ ఆటో హైవే ఎక్కిందనుకోండి. జరగరానిది జరిగితే, ఆ సమయానికి బీమా లేకపోతే, లక్షల్లో పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. ఐదు నెలలుగా వాయిదా కట్టలేని మనిషి బీమా కట్టి ఉంటాడని మీరు నమ్మకంగా చెప్పగలరా? ఇది చదివిన వెంటనే బీమా, ఫిట్‌నెస్ గడువులు చూసుకోండి. బీమా తీరిపోయి ఉంటే కట్టేవరకు బండి రోడ్డెక్కకూడదని అతనికి గట్టిగా చెప్పండి. అవసరమైతే ఆ డబ్బు మీరే కట్టి బాకీలో కలుపుకోండి.

తర్వాత బండిని అతని పేరుకు మార్చేయండి. అమ్మిన 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఇంక ఒక్కరోజు కూడా ఆగకండి. 29, 30 నంబరు ఫారాలపై ఇద్దరూ సంతకాలు చేయాలి. బీమా పాలసీ, పర్మిట్ కూడా అతని పేరుకు మారాలి.

మరి డబ్బుకు హామీ ఏమిటంటారా? ప్రోనోటు, అంటే ఇంత బాకీ తీరుస్తానని అతను రాసిచ్చే పత్రం. పేరు మార్చే రోజునే 85,000 రూపాయలకు రాయించుకోండి. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా అతని సంతకం తీసుకోండి. స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నోటు రాసిన తేదీ నుంచి దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. ఈలోగా అతను ఎంతో కొంత కట్టి, ఇంత ముట్టిందని నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. డబ్బు ఫోన్‌పేలో వచ్చినా చెల్లు మాత్రం రాయించండి.

వాయిదా దగ్గర మీరిద్దరూ చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. ఆటో నడిపేవాడికి ఏ రోజు సంపాదన ఆ రోజుదే. నెలకోసారి 5,000 ఇవ్వాలంటే ఇంట్లో ఎవరూ ముట్టకుండా నెలంతా దాచాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ఉంటున్న మీకు ఆ జబ్బు ఇంటి లెక్కను ఎలా తలకిందులు చేస్తుందో నేను చెప్పనక్కరలేదు. వారానికి రెండు మూడుసార్లు తల్లిని డయాలసిస్‌కు తీసుకెళ్లి, అయ్యేదాకా కూర్చోవాలి. ఆ రోజుల్లో బండి తిరగదు. అందుకే వారానికి 800 చొప్పున అడగండి. 107 వారాల్లో, అంటే రెండేళ్లు దాటిన కొద్ది రోజులకే బాకీ తీరుతుంది. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది వాళ్ల అమ్మగారికి వస్తోందో లేదో కనుక్కోండి. రాకపోతే దరఖాస్తు చేయించండి. అంతేకానీ ఆ పింఛను మీద మీ వాయిదా లెక్క వేయకండి. అది ఆమె మందులకు.

బావమరిది సలహా వినకండి. అమ్మి అప్పగించిన బండిని రాత్రివేళ తెచ్చుకుంటే దొంగతనం ఫిర్యాదు మీ మీదే వస్తుంది. చీటింగ్ కేసు కూడా నిలవదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఏడు వాయిదాలు కట్టినవాడి విషయంలో అది ఎలా చూపుతారు? అతను మాటకు రాకపోతే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. దావా వేయకుండానే, కోర్టు ఫీజు లేకుండానే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఇక ఫీజు సంగతి. మూడు రూపాయల వడ్డీ అంటే 30,000 మీద నెలకు 900, ఏడాదికి 10,800. ఇంట్లో కొద్దిపాటి బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, సాధారణంగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. స్నేహితుడి నుంచి వచ్చే 800 ఇంటి ఖర్చులో కలపకుండా ఆ రుణానికే జమ చేయండి. ఏ వారమైనా అది రాకపోయినా ఇల్లు గడిచేలా చూసుకోండి.

ఫోను ఎత్తడం లేదన్నారు. సిగ్గుతోనే ఎత్తడం లేదని నా నమ్మకం. డయాలసిస్ లేని రోజు చూసి, సాయంత్రం వాళ్ల ఇంటికే వెళ్లండి. ముందు వాళ్ల అమ్మగారిని పలకరించండి. ఫారాలు, ప్రోనోటు సంచిలోనే ఉంచుకోండి. వారానికి 800 అన్న మాట మీ నోటి నుంచి వచ్చాక బయటికి తీయండి.