బాక్సింగ్‌లో అవినీతి మీద వచ్చిన పాత సినిమాల్లో తప్పక చూడాల్సింది ఏది? అందులో చూపించినది నిజంగా జరిగేదా?

నన్నడిగితే 1956లో వచ్చిన 'ద హార్డర్ దే ఫాల్' చూడండి. హంఫ్రీ బోగార్ట్ నటించిన చివరి సినిమా ఇది. బడ్ షుల్‌బర్గ్ 1947లో రాసిన నవల ఆధారంగా మార్క్ రాబ్సన్ తీశాడు. రెండో ప్రశ్నకు నా జవాబు అవుననే. అందులో చాలా భాగం అమెరికాలో జరిగిందే. కాలేజీ రోజుల్లో విశాఖపట్నంలో కొన్నేళ్లు బాక్సింగ్ చేశాను. ఆ అనుభవంతోనే ఈ సినిమా గురించి చెబుతున్నాను. చివరిదాకా కథ చెప్పక తప్పదు కాబట్టి, ముందు సినిమా చూసుకుంటామనేవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు.

ఎడ్డీ విల్లిస్ ఒకప్పుడు పేరున్న స్పోర్ట్స్ రిపోర్టర్. పత్రిక మూతబడి ఖాళీగా ఉంటాడు. నిక్ బెంకో అనే ప్రమోటర్ (రాడ్ స్టైగర్ ఈ పాత్రలో భయపెడతాడు) అర్జెంటీనా నుంచి తోరో మొరేనో అనే కుర్రాడిని తీసుకొస్తాడు. కొండలాంటి మనిషి, కానీ గుద్దడం రాదు, గుద్దు తట్టుకోవడమూ రాదు. అతన్ని గొప్ప వీరుడని పత్రికల్లో రాయించే పని ఎడ్డీది. ఎదుటివాళ్లకు డబ్బిచ్చి కావాలని పడిపోయేలా చేస్తారు. తోరో ఊరూరా గెలుచుకుంటూ పోతాడు. ఈ మోసం సంగతి తోరోకి మాత్రం తెలియదు. నిజంగానే తన దెబ్బకే అందరూ పడిపోతున్నారని నమ్ముతాడు. నాకు అన్నిటికంటే బాధ అనిపించింది ఇక్కడే. ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నవాడికి తను ఏం అమ్ముకున్నాడో తెలుసు. తోరోకి తనను అమ్మేశారన్న సంగతే తెలియదు.

బాక్సింగ్‌లో గుద్దు చేతిలోంచి రాదు. పాదం నేలను నొక్కాలి, నడుము తిరగాలి, ఆ తర్వాతే భుజం. మొదటి నెలల్లో మా మాస్టారు మాతో ఇంకేమీ చేయించలేదు, అద్దం ముందు నిలబెట్టి ఇదే చేయించారు. తోరో మొదటిసారి జిమ్‌లో గ్లవ్స్ వేసుకుని దిగినప్పుడు చూడండి, చేతులు మాత్రమే కదులుతాయి. ఒక్క రౌండు ప్రాక్టీస్ చేసినవాడికైనా అప్పుడే తెలిసిపోతుంది, వీడు ఎవరినీ పడగొట్టలేడని. ట్రైనర్ జార్జ్ ముఖం చూస్తే ఆయనకూ అర్థమైపోయిందని తెలుస్తుంది. ఆ పాత్ర వేసింది జెర్సీ జో వాల్కాట్. 1951లో హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయిన మనిషి. ఆ చూపు ఆయనకు నటన కాదనిపిస్తుంది.

గస్ డండీ కథ మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. బడీ బ్రానెన్ అనే చాంపియన్ చేతిలో అప్పటికే తలకు గట్టి దెబ్బలు తిన్న డండీని తోరోతో మ్యాచ్‌కు దింపుతారు. తలనొప్పి అని అతను చెబుతూనే ఉంటాడు. ఆ మ్యాచ్ తర్వాత చనిపోతాడు. తనే చంపానని తోరో కుమిలిపోతాడు. నాకు ఒక బౌట్‌లో దవడ కింద గట్టిగా తగిలి కొద్ది క్షణాలు ఏమీ వినపడలేదు. తర్వాత బాగానే ఉన్నానని ఎంత చెప్పినా మాస్టారు వినలేదు. మళ్లీ గ్లవ్స్ ముట్టుకోనివ్వడానికి వారాలు పట్టింది. దగ్గర్లో పోటీలున్నాయని బతిమాలినా సరే, "తల విషయంలో నీ మాట నేను వినను" అన్నారు. డండీకి ఆ ఒక్క మాట అనేవాడు లేకపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆ మ్యాచ్ జరిగితేనే డబ్బు.

ఇక నిజం సంగతి. తోరో కథకు మూలం ఒక నిజమైన బాక్సర్ జీవితం. ఇటలీలోని సెక్వాల్స్‌కు చెందిన ప్రిమో కార్నెరా ఫ్రాన్స్‌లో సర్కస్‌లో బలప్రదర్శనలు చేసేవాడు. అతన్ని అమెరికాకు తెచ్చి తిప్పినవాళ్ల వెనక ఓనీ మాడెన్ లాంటి గ్యాంగ్‌స్టర్లు ఉన్నారు. అతని గెలుపుల్లో చాలావాటిని అప్పట్లోనే అనుమానించారు. 1933 ఫిబ్రవరిలో అతనితో తలపడ్డ ఎర్నీ షాఫ్ కొద్ది రోజులకే చనిపోయాడు. అంతకు ముందు ఏడాది షాఫ్‌ను చావగొట్టింది మాక్స్ బేర్. అసలు హాని ఆ మ్యాచ్‌లోనే జరిగిందని చాలామంది నమ్మారు. 1933 జూన్‌లో కార్నెరా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దాదాపు ఏడాదికి, 1934 జూన్‌లో అదే మాక్స్ బేర్ అతన్ని మళ్లీ మళ్లీ కింద పడేసి టైటిల్ లాక్కున్నాడు.

సినిమాలో బడీ బ్రానెన్ పాత్ర వేసింది ఎవరనుకున్నారు? ఆ మాక్స్ బేరే! డండీని దెబ్బతీసింది తనైతే పేరు తోరోకి వెళ్లిందని ఆ పాత్ర కోపంతో ఊగిపోయే సీన్ ఒకటుంది. షాఫ్ సంగతి తెలిశాక దాన్ని రెండోసారి చూడటం నాకు కష్టమైంది. ఈ సినిమా తన కథేనని కార్నెరా దాన్ని తీసిన కొలంబియా సంస్థ మీద దావా వేశాడు కానీ ఓడిపోయాడు.

చివర్లో లెక్కల సీన్‌ను మాత్రం కళ్లార్పకుండా చూడండి. బ్రానెన్‌తో మ్యాచ్‌లో దవడ విరిగి ఆస్పత్రిలో ఉన్న తోరో వాటా ఎంతని ఎడ్డీ అడుగుతాడు. అకౌంటెంట్ లియో ఖర్చులన్నీ చదువుకుంటూ పోయి 49 డాలర్ల 7 సెంట్లు అని తేలుస్తాడు. గొంతులో తడబాటు ఉండదు, పుస్తకంలో ప్రతి అంకె సరిగ్గానే ఉంటుంది. బాక్సింగ్‌లో మోసం అంటే ముందే మాట్లాడుకున్న మ్యాచ్ అనే అనుకుంటాం. ఈ సినిమా ఆ మోసాన్ని ఖర్చుల పద్దులో చూపించింది. అందుకే దీన్ని మిగతావాటి కంటే పైన పెడతాను. ఎడ్డీ తన వాటాగా వచ్చిన 26,000 డాలర్లూ తోరో చేతిలో పెట్టి విమానం ఎక్కించేస్తాడు.

సినిమాకు రెండు ముగింపులున్నాయి. ఒక ప్రింట్‌లో ఎడ్డీ బాక్సింగ్‌ను నిషేధించాలని రాస్తాడు. ఇంకోదాంట్లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరపాలని రాస్తాడు. నాకు రెండోదే నచ్చింది. సినిమా వచ్చిన నాలుగేళ్లకు, 1960లో, బాక్సింగ్‌లో అవినీతిపై విచారణ జరిపిన అమెరికా సెనేటర్ కీఫావర్ కమిటీ ముందు మాజీ మిడిల్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ జేక్ లామోటా 1947లో బిల్లీ ఫాక్స్‌తో జరిగిన మ్యాచ్‌లో కావాలనే ఓడిపోయానని ఒప్పుకున్నాడు. తెర వెనక మ్యాచ్‌లు నడిపించిన ఫ్రాంకీ కార్బోకి 1961లో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది.

ఇది నచ్చితే 1949లో రాబర్ట్ వైజ్ తీసిన 'ద సెట్-అప్' కూడా చూడండి. గంటంపావు కూడా ఉండదు. అందులో మేనేజర్ తన బాక్సర్ ఎలాగూ ఓడిపోతాడులే అనుకుని, ఓడిపోవడానికి తీసుకున్న డబ్బు సంగతి అతనికి చెప్పనే చెప్పడు. హీరోగా వేసిన రాబర్ట్ ర్యాన్ కాలేజీలో నిజంగానే బాక్సింగ్ చాంపియన్. ఆ పాదాలు ఎలా కదులుతాయో గమనించండి.