కోడ్ పనిచేస్తోంది, లోపల ఏం జరుగుతోందో తెలియదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ వచ్చు, చిన్న చిన్న ప్రాజెక్టులు చేశాను. కానీ రన్ నొక్కాక కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నాకు నిజంగా తెలియదు. అడుగు నుంచి నేర్చుకోవాలని ఉంది. సీనియర్లు మాత్రం ‘అవన్నీ ఈసీఈ వాళ్ల సబ్జెక్టులు, నువ్వు డీఎస్ఏ (డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్), ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ ముందువైపు, సర్వర్ వైపు రెండూ రాయడం) చూసుకో’ అంటున్నారు. ఇందులో దిగితే ప్లేస్‌మెంట్స్‌కి వెనకబడతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడం?

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. రెండో ఏడాదే దీనికి సరైన సమయం. మూడో ఏడాది చివరికొచ్చాక ఇంత తీరిక దొరకదు.

మీ సీనియర్లు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీల మొదటి రౌండ్ కోడింగ్ టెస్టే. కాబట్టి డీఎస్ఏ ఆపొద్దు, రోజూ ఒక గంట దానికి ఉంచండి. ఈసీఈ వాళ్ల సబ్జెక్టులన్న మాట మాత్రం సరికాదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ (GATE) పరీక్ష కంప్యూటర్ సైన్స్ సిలబస్ తెరిచి చూడండి. డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్ డిజైన్ అన్నీ అందులోనే ఉన్నాయి. మీ బీటెక్‌లోనూ ఇవే పేపర్లు రాస్తారు. ఎలాగూ చదవక తప్పని వాటిని అర్థమయ్యేలా చదవడమే ఇక్కడ మీరు అదనంగా చేసే పని.

ముందు మీకు తెలిసిన పైథాన్‌తోనే మొదలుపెట్టండి. ‘తెలుగు’ అనే మాట ఇచ్చి లెన్ (పొడవు చెప్పే ఫంక్షన్) ఎంతో అడగండి. మన కంటికి మూడక్షరాలే. పైథాన్ ఆరు అంటుంది. ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో త ఒక కోడ్, దాని ఎత్వం ఇంకో కోడ్. ల, గ కొమ్ములూ అంతే, దేనికది విడి. అదే మాటను యూటీఎఫ్-8లోకి (ఆ కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి) ఎన్‌కోడ్ చేసి మళ్లీ లెన్ అడిగితే 18 వస్తుంది, ఎందుకంటే మన తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. ‘శ్రీ’ని మనం ఒక్క అక్షరంగా చదువుతాం. మెషీన్‌కి అది నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. ఎందుకు నాలుగో మీరే విడదీసి చూడండి. తర్వాత 0.1కి 0.2 కలిపి ప్రింట్ చేయండి. చివర్లో కనబడే ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, సంఖ్యలు లోపల ఏ రూపంలో ఉంటాయో తెలుస్తుంది. బైనరీ గురించి ఓ అధ్యాయం చదివిన దానికన్నా ఇలా నేర్చుకున్నది బాగా గుర్తుంటుంది.

ఆ తర్వాత అసలు పని. చాలామంది దీన్ని చదివి నేర్చుకోవాలని చూస్తారు, అక్కడే విసుగు పుట్టి వదిలేస్తారు. నా మాట వినండి, కట్టి నేర్చుకోండి. దీనికి నాకు తెలిసిన మంచి దారి ‘నాండ్ టు టెట్రిస్’ కోర్సు. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ నోఅమ్ నిసాన్, షిమోన్ షోకెన్ అనే మరో ప్రొఫెసర్ కలిసి తయారు చేశారు. పాఠాలు, సాధనాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, సిమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ అయినా ఇబ్బంది లేదు. మొత్తం 12 ప్రాజెక్టులు. మొదటి ఆరింటిలో నాండ్ గేట్ (రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే 0, లేకపోతే 1 ఇచ్చే చిన్న సర్క్యూట్) నుంచి మొదలుపెట్టి ఒక 16 బిట్ల కంప్యూటర్‌ని మీరే కడతారు.

ఇక్కడ మీకు నిజంగా ఆశ్చర్యం కలిగించేది కూడిక. బైనరీలో 1, 1 కలిపితే 10. అంటే కుడివైపు 0 ఉండి, 1 పక్కకి వెళ్లింది. కుడివైపు ఏం మిగలాలో ఎక్సార్ గేట్ (రెండు ఇన్‌పుట్లూ వేరైతేనే 1) చెబుతుంది, పక్కకి ఏం వెళ్లాలో యాండ్ గేట్ (రెండూ 1 అయితేనే 1) చెబుతుంది. రెండూ కలిపితే హాఫ్ యాడర్. పక్క నుంచి వచ్చినదాన్ని కూడా తీసుకునేలా చేస్తే ఫుల్ యాడర్. అలాంటి వాటిని వరసగా కడితే 16 బిట్ల సంఖ్యలు కలిపే సర్క్యూట్. ఒకటో తరగతిలో మనం వేళ్లు మడిచి ‘చేతిలో ఒకటి’ అనుకున్నామే, సరిగ్గా అదే పని. గేట్ల గుంపుకి లెక్క ‘తెలియడం’ అంటూ ఏమీ లేదని, ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్‌కి ఏ అవుట్‌పుట్ అన్న పట్టిక) కూడిక లాగా ప్రవర్తిస్తుందంతేనని అర్థమైన రోజు మీకున్న బెరుకు చాలావరకు పోతుంది.

ఈ మాట నా అనుభవం నుంచి చెబుతున్నాను. నేను చదివిన రోజుల్లో ల్యాబ్‌లో 8085 అనే పాత మైక్రోప్రాసెసర్ కిట్ ఉండేది. 3ఈ, 05, 06, 03, 80, 76 అని నొక్కితే ‘A’ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) 08 కనిపించేది. రికార్డ్ రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ 3ఈ అంటే ‘తర్వాతి బైట్‌ని A రిజిస్టర్‌లో పెట్టు’ అని, 80 అంటే ‘దానికి B రిజిస్టర్‌లో ఉన్నది కలుపు’ అని, ఆ సంఖ్యలోని బిట్లే ఏ తలుపు తెరవాలో లోపలి సర్క్యూట్‌కి చెబుతున్నాయని ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను. మీ కాలేజీలో ఈసీఈ ల్యాబ్‌లో ఆ కిట్ ఉంటే, ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగి ఒక మధ్యాహ్నం దానితో కూర్చోండి.

ఇక కోర్సు ఆరో ప్రాజెక్టులో అసెంబ్లర్ (అసెంబ్లీ భాష ఆదేశాలను మెషీన్ అంకెల్లోకి మార్చే ప్రోగ్రామ్) రాయాలి. అది పైథాన్‌లోనే రాయొచ్చు, మీకు సులువే. అక్కడికి చేరడానికి రోజుకో గంట చొప్పున ఒక సెమిస్టర్ పట్టొచ్చు, పట్టనివ్వండి. మిగతా ఆరూ సాఫ్ట్‌వేర్ వైపు: వర్చువల్ మెషీన్, కంపైలర్, చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. వేసవి సెలవుల్లో చేయండి, కుదరకపోతే మొదటి ఆరింటితో ఆగినా నష్టం లేదు.

ట్రాన్సిస్టర్ ఫిజిక్స్‌లోకి మాత్రం ఇప్పుడు దిగొద్దు. అడుగు అంటే ఎంత లోతు అనేది మనమే గీసుకోవాలి. ప్రోగ్రామర్‌కి గేట్ దగ్గర గీత గీస్తే సరిపోతుంది.

తర్వాత సీ భాష. పాయింటర్ అంటే భయపడతారు గానీ, మెమరీని మీ చేతులతో కట్టాక అది ఒక అడ్రస్ అని మీకే తెలిసిపోతుంది. రెండు సంఖ్యలు కలిపే ఫంక్షన్ రాసి, కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో పెడితే పక్కనే అసెంబ్లీ కనిపిస్తుంది. పెద్ద టూడీ అరేని (సంఖ్యల పట్టికని) ఒకసారి అడ్డువరసల్లో, ఒకసారి నిలువు వరసల్లో కూడి టైమ్ చూడండి. లెక్క అదే, జవాబు అదే, నిలువుగా వెళ్తే ఎక్కువసేపు పడుతుంది. సీలో అడ్డువరస మెమరీలో పక్కపక్కనే ఉంటుంది, క్యాష్ (cache, ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీ) దాన్ని ఒక్కసారే గుంపుగా తెచ్చి పెడుతుంది. మీ డీఎస్ఏలో రెండింటికీ బిగ్ ఓ (డేటా పెరిగే కొద్దీ పని ఎంత పెరుగుతుందో చెప్పే కొలత) ఒకటే కదా! ఈ తేడా ఎందుకో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ఎదురుగా కూర్చున్నవాళ్లు గమనిస్తారు.

ఉద్యోగాల మాట. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీల పెద్ద ఆఫీసులున్నాయి. హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్లు, ఫర్మ్‌వేర్), కంపైలర్ పనులకు ఈ పునాది ఉన్నవాళ్లే కావాలి. అటు వెళ్లకుండా ఫుల్‌స్టాక్‌కే వెళ్లినా, సర్వర్ మెమరీ నిండిపోయి పడిపోయిన రోజున ఇది పనికొస్తుంది. ఏఐ రాసిచ్చిన కోడ్ తప్పో ఒప్పో చూడాల్సింది మీరే కాబట్టి అక్కడా పనికొస్తుంది. ‘ఇది నేర్చుకుంటే ప్యాకేజీ ఇంత పెరుగుతుంది’ అని మాత్రం మీకు హామీ ఇవ్వలేను. అలా ఇచ్చేవాళ్లకి ఫీజు కట్టకండి.

ఈ శనివారం ఒక కాగితం తీసుకోండి. ఎక్సార్ గేట్‌ని కేవలం నాండ్ గేట్లతో కట్టాలి, నాలుగు చాలు. ఎక్కడా వెతక్కుండా మీరే రాబట్టండి. రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి. వచ్చాక మొదటి ప్రాజెక్టు తెరవండి.