జంట పిల్లల జన్యువు మంచిదే, కానీ పాలు ఎక్కడివి?

"కవలలు పెట్టే జన్యువు ఉన్న పొట్టేలును మా నల్ల గొర్రెల మందలో వదిలితే ఆదాయం రెట్టింపు అవుతుందా?" అని మీరు అడిగారు. అవ్వదు. దాని కూతుళ్లు ఈనేటప్పటి నుంచి పిల్లల సంఖ్య పెరుగుతుంది, ఆదాయం లెక్క వేరు. మాది నారాయణఖేడ్ వైపు, తాతల నాటి నుంచి ఇంట్లో మంద ఉంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా ఈతల కాలానికి ఊరెళ్లిపోతాను. అందుకే చూసింది చెబుతున్నా.

ఆ జన్యువు సంగతి మాత్రం నిజం. పేరు ఫెక్‌బి. బెంగాల్ సుందర్‌బన్స్‌లో గరోల్ అనే చిన్న గొర్రె ఉంటుంది, పెద్దదైనా పది పదిహేను కిలోలే, కానీ ఒక్క ఈతలో రెండు మూడు పిల్లలు పెడుతుంది. 1790ల్లో బెంగాల్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా వెళ్లిన గొర్రెల ద్వారానే అది అక్కడి బూరూలా మెరినో అనే గొర్రెలకు చేరిందని అంటారు. మన బురద నేలల్లో తిరిగే గొర్రె విలువ పరాయి దేశం వాళ్లు చెప్పాక గానీ మనకు పట్టలేదు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2001లో మూడు శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా అసలు కారణం పట్టుకున్నాయి: డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారింది, అంతే. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక కాపీ వచ్చిన గొర్రెకు ఎదకొచ్చినప్పుడల్లా సుమారు ఒకటిన్నర అండాలు ఎక్కువ వస్తాయి. అంతకుముందు ఏ గొర్రెలో ఆ జన్యువు ఉందో తేల్చాలంటే ఏళ్ల తరబడి ఈతలు రాసుకోవాలి, లేదా పొట్టలోకి గొట్టం పంపి అండాశయం చూడాలి. ఇప్పుడు కాస్త రక్తం తీస్తే చాలు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీతో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి గరోల్ జన్యువును మన దక్కనీ జాతి గొర్రెల్లోకి తెచ్చారు. నారీ సువర్ణ అనే గొర్రె అలా వచ్చిందే. వాళ్లలో నాకు నచ్చింది ఏంటంటే, ఫారంలో చూసి ఊరుకోకుండా గొర్రెల కాపరుల మందల్లోకి ఇచ్చి ఏమవుతుందో గమనించారు.

ఇప్పుడు మా దొడ్డి సంగతి వినండి. ఒక డిసెంబర్ రాత్రి మా నల్ల గొర్రె ఒకటి రెండు పిల్లలు ఈనింది. మా గొర్రెల్లో ఆ జన్యువు లేదు, అప్పుడప్పుడు వాటంతట అవే జంట పెడతాయి. మొదటి పిల్లను నాకి, పొదుగు దగ్గరికి రానిచ్చింది. రెండోది పుట్టేసరికి అలసిపోయిందో ఏమో, దగ్గరికొస్తే తలతో పొడిచి తోసేస్తోంది. చలికి ఆ పిల్ల నోరు లోపల కూడా చల్లబడిపోయింది, వేలు పెడితే తెలుస్తుంది. చిన్నాయన దాన్ని గొంగడిలో చుట్టి వీపు రుద్ది, ఒంటికి ఉప్పు రాసి తల్లి ముక్కు దగ్గర పెట్టాడు. "నువ్వు తల పట్టుకోరా, కదలనియ్యకు" అని నాకు చెప్పి, ముర్రుపాలు నాలుగు చుక్కలు దాని నోట్లోకి పిండాడు. ఉప్పు కోసం నాకడం మొదలుపెట్టిన తల్లి కాసేపటికి ఊరుకుంది, పిల్ల లేచి నిలబడింది. కానీ అసలు కష్టం వారం తర్వాత. తల్లికి ఇద్దరికి సరిపడా పాలు లేవు, ఎండాకాలం దగ్గరికొస్తే ఉన్నవీ తగ్గాయి. మందలో మేకలు ఉంచుకునేది ఇందుకే, రోజూ పొద్దున సాయంత్రం మేకను పట్టుకుని ఆ పిల్లకు పాలు తాగించాం. అది బతికింది. మందలో ఇరవై తల్లులు ఒకేసారి జంటలు ఈనితే ఎన్ని మేకలు కావాలి, పట్టుకునే చేతులు ఎన్ని కావాలి, మీరే లెక్క వేసుకోండి.

అందుకే నేనంటాను, ఈ పరిశోధనల్లో పుట్టిన పిల్లలను కాదు, మూడు నెలలకు బతికున్న పిల్లలను, వాటి బరువును మొదట చూడాలి. యూట్యూబ్‌లో "ఒక గొర్రె ఏడాదికి నాలుగు పిల్లలు, లక్షల్లో లాభం" అనేవాళ్లు మేత ఖర్చు ఒక్కసారైనా చెప్పరు. షెడ్డులో కట్టి దాణా పెట్టేవాళ్ల లెక్క వేరు, పొద్దంతా నడిచి మేసే మంద లెక్క వేరు. మా ఊరి బంజరు సగం ప్లాట్లయింది, మిగతా దాంట్లో సర్కారు తుమ్మ. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు, మంచిదే, కానీ గొర్రెలు ఇచ్చినవాళ్లు మేత భూమి ఇవ్వలేదు. బయటి నుంచి వచ్చిన పొడుగు కాళ్ల తెల్ల గొర్రెల మోజులో మా వైపు నల్ల గొర్రె పలచబడిపోతోంది. చలికి, కరువుకు, రోజంతా నడకకు తట్టుకునే గుణాలు దాని జన్యువుల్లో ఉన్నాయి, వాటిని వెతికే పరిశోధనకు కూడా అంతే డబ్బు పెట్టాలి.

మీకు పచ్చిమేత, నీళ్లు, ఈతలప్పుడు దగ్గరుండే మనిషి ఉంటే ఆ పొట్టేలు తెచ్చుకోండి, రక్తపరీక్ష కాగితం చూశాకే డబ్బివ్వండి. రెండు కాపీలున్న పొట్టేలైతే ప్రతి పిల్లకూ జన్యువు వెళ్తుంది, ఒకటే ఉంటే సగం పిల్లలకే. మొదటి ఏడాది పాలు బాగా ఉన్న కొద్ది గొర్రెలకే దాన్ని కట్టించండి. అవేవీ లేకపోతే, మీ మందలోనే జంట ఈని రెండింటినీ సొంత పాలతో పెంచిన తల్లుల చెవికి గుర్తు పెట్టుకోండి, వాటి కొడుకుల్లో మంచిదాన్ని పొట్టేలుగా ఉంచండి, తండ్రీకూతుళ్లు కలవకుండా, దాని కూతుళ్లు ఎదకు రాకముందే ఆ పొట్టేలును పక్క ఊరి మందలోని పొట్టేలుతో మార్చుకోండి.